మనవైపే చూస్తూ మనల్ని చూడని బల్ల

రాత్రి రెండు దాటాక హైదరాబాద్ ఎస్సార్ నగర్ హాస్టళ్లలో గదులన్నీ చీకటిగా ఉంటాయి. మూడు మంచాల గదిలో ఇద్దరు నిద్రపోతుంటారు. గోడవైపు ఒత్తిగిలి పడుకున్న మూడో కుర్రాడి ముఖం మీద మాత్రం ఫోన్ వెలుగు పడుతుంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. తెర మీద నల్ల గౌను వేసుకున్న అమ్మాయి చక్రం తిప్పి, దానికి ఎదురు దిశలో తెల్ల బంతిని వదిలి, కెమెరావైపు చూసి నవ్వుతుంది. ఆమె ఉన్నది లాత్వియా రాజధాని రీగాలో అయితే, చలికాలంలో అక్కడ అప్పటికి రాత్రి పదిన్నర దాటి ఉంటుంది. 'వెల్‌కమ్ టు ద టేబుల్' అంటుంది. ఆ పలకరింపు తనొక్కడికేనా, అదే బల్లను అదే క్షణంలో చూస్తున్న మిగతా అందరికీనా అన్నది ఆ కుర్రాడికి తెలిసే వీల్లేదు.

ఎక్కడో స్టూడియోలో నిజం మనిషి ముక్కలు పంచుతూ, చక్రం తిప్పుతూ ఉంటే ఫోన్‌లో చూస్తూ పందెం కాసేవి లైవ్ డీలర్ ఆటలు. వాటి గురించి ఆడినవాళ్లని అడిగితే గెలుపోటముల లెక్క కన్నా ముందు వచ్చే మాట ఒకటుంది: 'అక్కడ అదోలా ఉంటుంది.' ఎవరో ఉన్నట్టే ఉంటుంది, ఎవరూ లేనట్టూ ఉంటుంది. ఫోన్‌లో రమ్మీ ఆడేటప్పుడు ఈ బెదురు ఉండదు. బొమ్మలు గిరగిరా తిరిగే స్లాట్ ఆటలోనూ ఉండదు. అవి యంత్రాలని ముందే తెలుసు కాబట్టి వాటి నుంచి మనసు ఏమీ ఆశించదు. బల్ల వెనక మనిషి నిలబడగానే ఏదో మారిపోతుంది. ఆ మారేదేమిటో విడమరిచి చూడటం అవసరం, ఎందుకంటే ఆ బెదురును చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

మామూలుగా చెప్పుకునే కారణం మోసం. వీడియో ముందే తీసి పెట్టారనీ, బంతి కింద అయస్కాంతం ఉందనీ, ముక్కలు మార్చేస్తున్నారనీ అనుమానం. దొంగ సైట్లు లేకపోలేదు, వాటి సంగతి తర్వాత. కానీ లైసెన్సు ఉన్న పెద్ద స్టూడియోల్లో ముక్క నిజమైనదే, చక్రం నిజమైనదే. ఈ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ఎవల్యూషన్ కంపెనీ 2006లో మొదలైంది. రీగాలో, మాల్టాలో, జార్జియా రాజధాని ట్బిలిసీలో దానికి స్టూడియోలున్నాయి. ప్రతి బల్లకీ గేమ్ కంట్రోల్ యూనిట్ అనే చిన్న పెట్టె ఉంటుంది. డీలర్ ముక్క తీయగానే కెమెరా దాన్ని చదువుతుంది, సాఫ్ట్‌వేర్ అది ఇస్పేటు రాణా, ఆఠీను ఏడా అని గుర్తిస్తుంది, మరుక్షణం ఆడుతున్న వాళ్లందరి ఫోన్లలో లెక్క తేలిపోతుంది. అంకెల చక్రం మీద బంతి తిరిగే రౌలెట్ ఆటలో ఆ బంతి ఏ గడిలో పడిందో సెన్సర్లు చెబుతాయి. పైగా ఆట నిజమైనదేనని చూపించే పద్ధతులూ ఉన్నాయి. చేతులు తెరిచి చూపించడం, పేక మొత్తం బల్ల మీద పరిచి చూపించడం, షిఫ్టు మారేటప్పుడు అరచేతులు రెండువైపులా తిప్పి చూపించడం, అన్నీ అందుకే.

అయినా బెదురు పోదు. ఆట నిజమైనదేనని తేలినా మిగిలిపోయే ఆ బెదురే ఇక్కడ అసలు విషయం.

డీలర్ వైపు నుంచి ఆ గది ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలావరకు అర్థమవుతుంది. బయటికి కాసినో హాలులా కనిపించేది లోపల గోదాములాంటి పెద్ద షెడ్డు. చెక్క అడ్డుగోడలతో విడగొట్టిన చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక్కో బల్ల. కొన్నిచోట్ల వెనక ఆకుపచ్చ తెర వేసి, దాని మీద కంప్యూటర్‌తో భవంతో, షాండ్లియరో, సముద్రమో అతికిస్తారు. పక్క బల్ల డీలర్ గొంతు లీలగా వినిపిస్తూనే ఉంటుంది. ఆమె ఎదురుగా కెమెరా, దాని పక్కనే మానిటర్. ఆ మానిటర్‌లో చాట్ మాటలు కదులుతుంటాయి. ఆమెకి ఆటగాడు అంటే అదే: ఒక మారుపేరు, నాలుగు ముక్కల ఇంగ్లీషు. అతని ముఖం, గొంతు, వయసు, అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో, ఏదీ ఆమెకి చేరదు. చాట్ చదవడానికి ఆమె చూపు కెమెరా నుంచి వేలెడు పక్కకి జరుగుతుంది. చూసేవాడికి ఆ వేలెడు తేడా తెలిసిపోతుంది. మన ముఖంలోకి చూస్తున్న మనిషి ఉన్నట్టుండి మన చెవి పక్కనున్న గోడను చూస్తే ఎలా ఉంటుందో అలా.

ఆ తర్వాత పేరు పిలుపు. చాట్‌లో 'హాయ్' అని రాస్తే ఆమె ఆ మారుపేరు చదివి పలకరిస్తుంది. ఫోన్ పట్టుకున్న చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడేది అక్కడే. రేడియో, టీవీల్లో మాట్లాడేవాళ్లతో ప్రేక్షకులకు ఏకపక్షంగా ఏర్పడే దగ్గరితనం గురించి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1956లోనే రాశారు. వార్తలు చదివే మనిషి ఇంట్లోవాడిలా అనిపిస్తాడు, కానీ మనం ఉన్నామని కూడా అతనికి తెలియదు. లైవ్ బల్ల ఆ గోడకి చిన్న కన్నం పెడుతుంది. పేరు పిలుస్తుంది. గెలిస్తే 'కంగ్రాచులేషన్స్' అంటుంది. పిలిచిన పేరు మరో నిమిషానికి ఆమెకి గుర్తుండదు, గుర్తుండే వీలూ లేదు. గుర్తించినట్టు చేసి వదిలేయడం, అసలు గుర్తించకపోవడం కన్నా మనిషిని ఎక్కువ కలవరపెడుతుంది.

ప్రతి రౌండ్ అయ్యాక తెర మీద గెలిచినవాళ్ల పేర్లూ, వాళ్లు గెలిచిన మొత్తాలూ వరసగా కనిపిస్తాయి. ఓడినవాళ్ల జాబితా ఎక్కడా ఉండదు. ఐదు వేలు పోగొట్టుకున్న కుర్రాడికి ఆ బల్ల మీద తాను ఓడిపోయినట్టు కూడా దాఖలా దొరకదు. ఏమీ జరగనట్టు చక్రం మళ్లీ తిరుగుతుంది. చుట్టూ ఇంతమంది గెలుస్తుంటే తానొక్కడే ఓడుతున్నట్టు అనిపిస్తుంది. ఆ ఒంటరితనం నిజమైనది కాదు, అదే క్షణంలో తనలాంటివాళ్లు ఎందరో ఓడి ఉంటారు. కానీ వాళ్లు ఒకరికొకరు కనిపించకుండా తెర కట్టి ఉంది.

మన ఇళ్లలో పేకాటను దీనితో పోల్చి చూడాలి. పెళ్లి విడిదిలో దుప్పటి పరిచి కూర్చుంటారు. బావ ముక్క వేయకుండా నాన్చుతుంటే పక్కనుంచి ఎవరో విసుక్కుంటారు. మామయ్య మూడు ఆటలు వరసగా ఓడితే అత్తయ్య గుమ్మంలోంచి 'ఇక చాలు, లేవండి' అంటుంది. గెలిచినవాడు టీలు తెప్పిస్తాడు. పోయిన డబ్బు ఆ గదిలోనే, మళ్లీ సంక్రాంతికి కలిసేవాళ్ల జేబులోనే ఉంటుంది. ఇదంతా మంచిదని చెప్పడానికి లేదు. పేకాట వల్ల పొలాలు పోయిన ఇళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నగర శివారు ఫాంహౌస్‌లలో పేకాట శిబిరాలు నడుస్తూనే ఉన్నాయి, పోలీసులు దాడి చేస్తూనే ఉన్నారు. అయితే అక్కడ ఎదుటి మనిషి కళ్లుంటాయి. ఓడినవాడి ముఖం పాలిపోతే ఎవరో ఒకరు చూస్తారు. జాతరలో చక్రం ముందు నిలబడి 'కాయ్ రాజా కాయ్' అని అరిచేవాడికి కూడా ఎదురుగా ఉన్నవాడి జేబు ఖాళీ అయిన సంగతి తెలుస్తుంది. ఖాళీ అయితే పక్కకి తోసేస్తాడు. ఆ తోపులో దయ లేకపోవచ్చు, కానీ అది ఆటకి ఒక ముగింపు. లైవ్ బల్లకి ముగింపు లేదు. మనిషి ముఖాన్ని ఉంచుకుని, మనిషి ఎదుట ఉండే సిగ్గునూ అడ్డునూ తీసేశారు. కడుపులో తెలిసే ఆ బెదురు దీన్ని గుర్తుపట్టడమే. అది భయపడేవాడి బలహీనత కాదు. పరిస్థితిని సరిగ్గా చదువుతున్న ఒంటి తెలివి.

రోబోలు మనిషి పోలికకు మరీ దగ్గరగా వచ్చి, పూర్తిగా మనిషి కాలేనప్పుడు చూసేవాళ్లలో కలిగే జంకు గురించి జపాన్ ఇంజినీరు మసహిరో మోరి 1970లో రాశాడు, దాన్ని ఒక లోయతో పోల్చాడు. లైవ్ బల్ల దగ్గర అదే లోయలోకి అవతలి ఒడ్డు నుంచి దిగుతున్నారు. ఇక్కడ యంత్రాన్ని మనిషిలా చేయడం లేదు, మనిషిని యంత్రంలా మెలగమంటున్నారు. ఒకే పలకరింపు, ఒకే స్థాయి గొంతు, 'ప్లేస్ యువర్ బెట్స్', 'నో మోర్ బెట్స్', ఫలితం, మళ్లీ మొదటికి. చాట్‌లో ఎవరో బూతు రాస్తే చిరునవ్వు చెదరకుండా పక్కకి తప్పుకోవాలి. ఎవరో చివరి రూపాయి పోయిందని రాసినా అంతే.

హైదరాబాద్‌కి ఈ పని కొత్త కాదు, ఇంకా చెప్పాలంటే బాగా తెలిసిన పని. రెండువేల సంవత్సరం తర్వాత మాదాపూర్, బేగంపేట కాల్ సెంటర్లలో వేలమంది తెలుగు పిల్లలు అమెరికా పగటి వేళకి తమ రాత్రిని అప్పగించారు. పేరు మార్చుకున్నారు, యాస మార్చుకున్నారు, ఎదురుగా ఉన్న స్క్రిప్టు చదివారు. అవతలివాడు తిడితే 'ఐ అండర్‌స్టాండ్ సర్' అన్నారు. తెల్లారి క్యాబ్‌లో ఇంటికి వచ్చి, నిద్రపట్టక, తమ అసలు గొంతు ఏదో వెతుక్కున్నారు. రీగాలోనో ట్బిలిసీలోనో బల్ల వెనక నిలబడ్డ అమ్మాయి చేసేదీ అదే ఉద్యోగం. చాలాసార్లు ఆమె పేరు కూడా ఉద్యోగం కోసం పెట్టుకున్నదే. కాబట్టి ఆమె మీద కోపం పెట్టుకోవడం అన్యాయం. ఇద్దరు నైట్ షిఫ్టు మనుషులు గాజు పలకకి చెరోవైపు ఉన్నారు. ఒకరికి జీతం వస్తోంది, ఒకరికి పోతోంది.

ఇక కాలం. తెర మీద గడియారం ఏ మూలో చిన్నగా ఉంటుంది. వెనక వెలుతురు మాత్రం ఎప్పటికీ మారదు. పందెం కాయడానికి పదిహేను సెకన్ల చొప్పున ఇస్తారనుకుంటే, పచ్చగా మొదలైన గీత పసుపై ఎరుపై ఆగిపోతుంది. స్పీడ్ రౌలెట్‌లో మొత్తం రౌండ్ అర నిమిషం కూడా పట్టదు. ఆలోచన వచ్చేలోగా బంతి పడిపోతుంది, పడగానే తర్వాతి పందేనికి పిలుపు. కొన్ని బల్లల మీద బంతి గడిలో పడే క్షణాన్ని మళ్లీ నెమ్మదిగా, అతి దగ్గరగా చూపిస్తారు. పదిహేడు మీద కాసినవాడు పదిహేడు అంచు తాకి ముప్పై నాలుగులోకి దొర్లిన బంతిని కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాడు. కొద్దిలో తప్పిపోయిన పందెం మెదడులో గెలుపుకి స్పందించే భాగాలనే కదిలిస్తుందని 2009లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధన చూపించింది. లెక్క ప్రకారం అంచు తాకి తప్పినా, చక్రానికి అవతలి చివర పడినా ఓటమి ఒక్కటే. ఆ నెమ్మది దృశ్యం మాత్రం 'దాదాపు గెలిచావు' అని నమ్మిస్తుంది.

బల్ల పక్కన గత ఫలితాల పట్టిక ఉంటుంది. ఎరుపు, ఎరుపు, ఎరుపు, ఎరుపు. ఇక నలుపే రావాలి అనిపిస్తుంది. 1913 ఆగస్టు 18న మోంటె కార్లో కాసినోలో వరసగా 26 సార్లు నలుపే పడింది, ప్రతిసారీ ఈసారి ఎరుపే అని కాసినవాళ్లు కుప్పకూలారు. బంతికి జ్ఞాపకం ఉండదు. ఆ పట్టిక ఆటగాడికి సాయం చేయడానికి పెట్టింది కాదు, సరళిని వెతుక్కునే అతని అలవాటుకి మేత వేయడానికి పెట్టింది.

అసలు లెక్క ఇలా ఉంటుంది. ఒక్క సున్నా ఉన్న యూరోపియన్ రౌలెట్‌లో 37 గడులు. ఒక అంకె మీద గెలిస్తే ఒకటికి 35 ఇస్తారు. ఆ తేడా వల్ల కాసిన ప్రతి నూరు రూపాయల్లో సగటున 2 రూపాయల 70 పైసలు బల్లకే పోతాయి. వినడానికి చిన్నదే. కానీ గంటకి 60 రౌండ్లు, రౌండ్‌కి వంద చొప్పున ఆడితే బల్ల మీద తిరిగింది ఆరు వేలు, సగటు నష్టం దాదాపు 162 రూపాయలు. వేగం పెరిగినా, పందెం పెరిగినా ఆ సంఖ్య దానితోపాటే పెరుగుతుంది. ఓడినకొద్దీ పందెం పెరుగుతుందన్నది ఆడే ప్రతివాడికీ తెలుసు. 'పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి' అనే మన సామెతని జీవితంలో ఎన్నిచోట్ల ధైర్యంగా చెప్పుకున్నా, ఈ బల్ల ముందు అది ప్రాణం తీస్తుంది. కుర్రాళ్ల భాషలో దీని పేరు 'రికవరీ'. రికవరీ కోసం లోన్ యాప్, లోన్ యాప్ కట్టడానికి ఇంకో లోన్ యాప్.

2018లో వచ్చిన లైట్నింగ్ రౌలెట్ ఇంకాస్త లోతుకి వెళ్లింది. మామూలు చక్రమే, మీద మెరుపులు పడ్డట్టు కొన్ని అంకెలకి కంప్యూటర్ 50 రెట్ల నుంచి 500 రెట్ల దాకా ప్రకటిస్తుంది. దానికి బదులుగా మెరుపు పడని అంకె మీద గెలిస్తే ఒకటికి 35 కాకుండా 29 మాత్రమే ఇస్తారు. ముప్పై అంకెల మీద తలా వంద వేసి, వాటిలో ఒకటి పడి, దాని మీద మెరుపు లేకపోతే వేసింది మూడు వేలు, తిరిగొచ్చింది మూడు వేలు. తెర గెలిచావంటుంది, డీలర్ అభినందిస్తుంది, ఖాతాలో ఒక్క రూపాయి పెరగదు.

మన ఆటలు కూడా ఆ బల్ల ఎక్కాయి. ఊళ్లలో లోనా బయట అని ఆడుకునే కోతముక్క ఇప్పుడు అందర్ బాహర్ పేరుతో స్టూడియో వెలుగుల్లో నడుస్తోంది. కొన్ని బల్లల దగ్గర డీలర్లు హిందీలో మాట్లాడతారు. ఒక ముక్క తెరిచి పెట్టి, దానికి జత పడేదాకా రెండువైపులా పంచడమే ఆట. ముందు ముక్క ఎటు పడితే అటు గెలిచే అవకాశం నూటికి సుమారు 51.5. అందుకే చాలా బల్లల మీద ఆ వైపు గెలిస్తే వందకి తొంభయ్యే ఇస్తారు. ఏ వైపు కాసినా నూటికి రెండు, మూడు రూపాయలు పోతాయి. చిన్నప్పుడు దీపావళికి పావలాలతో ఆడిన ఆట కాబట్టి చెయ్యి తొందరగా ముందుకి పోతుంది. పరాయి గదిలో అమ్మమ్మ ఇంటి ఆట కనిపించడం కూడా ఆ బెదురులో ఒక పాలు.

చట్టం దగ్గరికి వస్తే, ఈ వివాదంలో సికింద్రాబాద్‌కి పాత స్థానమే ఉంది. అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసుల దాడితో మొదలైన కేసులోనే సుప్రీంకోర్టు 1967 నవంబర్‌లో రమ్మీకి నేర్పు కావాలనీ, మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమనీ చెప్పింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పు, అదృష్టం అన్న తేడానే పక్కన పెట్టి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లని శిక్షించదు, అది మంచి నిర్ణయం.

అయితే నిషేధం తర్వాత మిగిలిన దారి మరింత చీకటిది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక ఏజెంట్ 'ఐడీ' ఇస్తాడు. డబ్బు వేయమని క్యూఆర్ కోడ్ పంపిస్తాడు, రేపటికి ఆ కోడ్ మారిపోతుంది. ఎందుకంటే వెనకున్నవి ఎవరెవరి పేరు మీదో తెరిచిన మ్యూల్ ఖాతాలు. 2020 ఆగస్టులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఛేదించిన ఏ రంగు వస్తుందో ఊహించి పందెం కాసే ఆన్‌లైన్ ఆట కేసులో బయటపడిన లావాదేవీలు వెయ్యి కోట్లు దాటాయి. లైవ్ డీలర్ ముఖానికి ఇక్కడ ఇంకో ఉపయోగం ఉంది, అదే అన్నిటికన్నా ప్రమాదకరం. ముక్కలు పంచే స్టూడియో ఒకరిది, డబ్బు తీసుకునే సైట్ ఇంకొకరిది. చక్రం నిజాయితీగానే తిరగవచ్చు. గెలిచిన డబ్బు విత్‌డ్రా పెట్టినప్పుడు 'ముందు టాక్స్ కట్టండి' అనేవాడు ఆ స్టూడియోలో లేడు. ఆమె తెరిచి చూపిన అరచేతులు, ఎవరో తెలియని మనిషి జేబుకి పూచీ పడ్డట్టు కనిపిస్తాయి. అవి పూచీ పడలేదు.

ఇలాంటి ఊబిలో దిగినవాళ్లు డబ్బు మోసం జరిగిన గంటల్లోనే 1930కి ఫోన్ చేయాలి, తలలోని ఒత్తిడి భరించలేనప్పుడు ఏ వేళైనా 14416కి చేయవచ్చు. టెలీ మానస్ నంబరు అది, తెలుగులోనే మాట్లాడతారు. అవతల ఒక మనిషి వింటాడు, మన గొంతు అతనికి చేరుతుంది.

ఎస్సార్ నగర్‌లో నాలుగున్నరకి పాల వ్యాను వస్తుంది. కింద టిఫిన్ బండివాడు స్టవ్ వెలిగిస్తాడు. తెర మీద షిఫ్టు మారుతోంది. నల్ల గౌను అమ్మాయి రెండు చేతులూ కెమెరాకి చూపించి, అరచేతులు తిప్పి, 'ఎంజాయ్ ద గేమ్' అని పక్కకి తప్పుకుంటుంది. అదే చోటులోకి మరో అమ్మాయి వచ్చి, అదే నవ్వుతో, అదే పలకరింపుతో బంతి అందుకుంటుంది. ఈలోగా పక్క మంచం కిర్రుమంటుంది. నిద్రమత్తులో తల ఎత్తిన స్నేహితుడు, 'ఏంట్రా, ఇంకా పడుకోలేదా? ముఖం అలా ఉందేంటి?' అంటాడు. ఆ రాత్రంతటిలో ఆ కుర్రాడి ముఖం చూసి ఎవరైనా అన్న మొదటి మాట అది.